ఒలింపిక్ రింగులకి ఖండాలు అంటగట్టడం ఆపండి బాబూ

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. "ఒలింపిక్స్ గురించి 99% మందికి తెలియని 5 నిజాలు, పిల్లలకి తప్పక చదివించండి" అట. నాలుగోసారి పంపింది బీటెక్ చదివిన మా పెద్దమ్మ కొడుకు, ఇక ఉండబట్టలేక రాస్తున్నా.

గోల్డ్ మెడల్ అరకేజీ మేలిమి బంగారమట. 1912 స్టాక్‌హోమ్‌తోనే ఆ ముచ్చట అయిపోయింది. 2024 పారిస్ మెడల్ 529 గ్రాములు, అందులో బంగారం 6 గ్రాములు, అంటే ముప్పాతిక కాసు, మిగతాది దాదాపు అంతా వెండే, మధ్యలో 18 గ్రాముల ఈఫిల్ టవర్ ఇనుము. మా అత్త నల్లపూసల గొలుసే నయం.

అసలు బంగారమో కాదో చూడ్డానికే కొరుకుతారట. ఫొటోగ్రాఫర్లు కొరకమంటారు, కొరుకుతారు, అంతే. 2010లో జర్మనీ ల్యూజ్ (మంచు మీద జారే స్లెడ్ రేసు) ప్లేయర్ డేవిడ్ మోలర్ వెండి మెడల్ కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు, వెండిలో ఏ బంగారం వెతికాడో మరి.

మెడల్ మీద బొమ్మ మొదట్నుంచీ గ్రీకుదేనట. సిడ్నీలో మన మల్లీశ్వరికి ఇచ్చిన కంచు పతకం చూడండి, గ్రీకుల విజయ దేవత నైకీ వెనక ఉన్నది రోమన్ల కొలోసియం లాంటి కట్టడం. గ్రీకులు గోల పెట్టాక 2004 ఏథెన్స్‌లో మార్చారు.

రింగులు 3000 ఏళ్ళ నాటి రాతి మీద ఉన్నాయట. రాయి ఉంది, గ్రీసులోని డెల్ఫీలోనే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ టార్చ్ వేడుక కోసం ఆ ఆటల నిర్వాహకుడు కార్ల్ డీమ్ చెక్కించి అక్కడే వదిలేసిన రాయి అది, తర్వాత చూసినవాళ్ళు పురాతనం అని పుస్తకంలోకి ఎక్కించేశారు.

ఇక నా ఒళ్ళు మండించేది. నీలం యూరప్, పసుపు ఆసియా, నలుపు ఆఫ్రికా, ఆకుపచ్చ ఆస్ట్రేలియా, ఎరుపు అమెరికా అట. ఇది చదివి ఒక్కరికీ ఏమీ అనిపించలేదా? ఆఫ్రికాకి నలుపే ఎందుకు, మనకి పసుపే ఎందుకు, అమెరికాకి ఎరుపే ఎందుకు, ఒంటి రంగు చూసి పంచిన పంపకం కదా ఇది, దీన్నా మనం పిల్లల చేత బట్టీ పట్టించేది? మరి యూరప్ వాళ్ళు నీలంగా ఉంటారా? 1913లో ఆధునిక ఒలింపిక్స్ మొదలుపెట్టిన కూబెర్టిన్ ఈ రింగులు గీసినప్పుడు రంగులు జెండాల నుంచి తీసుకున్నాడు. వెనక తెలుపుతో కలిపి ఆరు రంగులు, అప్పటి దేశాల జెండాలన్నీ వాటిలో వచ్చేస్తాయని. స్వీడన్ నీలం పసుపు, గ్రీసు నీలం తెలుపు, అలా. జపాన్ జెండాలో పసుపు చుక్కయినా లేదు, ఉన్నది ఎరుపు, అంటే మీ లెక్కన జపాన్ అమెరికాలో ఉందన్నమాట!

మా అక్క కూతురు ఆరో తరగతి, స్కూల్ క్విజ్‌లో "ఏ రంగూ ఏ ఖండానిదీ కాదు" అని రాసింది, నేను చెప్పిందే. మార్కు పోయింది. "నీ వల్లే మావయ్యా" అని ఇప్పటికీ దెప్పుతుంది.

సరే, ఒకటి ఒప్పుకోవాలి. ఈ పంపకం వాట్సాప్‌లో పుట్టింది కాదు, 1951కి ముందు ఒలింపిక్ కమిటీ సొంత హ్యాండ్‌బుక్‌లోనే ఉండేది, కూబెర్టిన్ అలా అనుకున్నాడనడానికి ఆధారం లేదని వాళ్ళే తీసేశారు. అది తెలిశాక ఆ మాస్టారి మీద సగం కోపం తగ్గింది. మార్కు మాత్రం ఇంకా కలపలేదు.