వింత కప్పలు, బల్లుల గురించి తిరుగుతున్న సందేశంలో తప్పులు

"ప్రపంచంలోని వింత కప్పలు, బల్లులు: మీకు తెలియని నిజాలు" అనే పొడవాటి వాట్సాప్ సందేశం ఒకటి కొన్ని నెలలుగా చేతులు మారుతోంది. మా కుటుంబం గ్రూపులోకే అది మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపినది ఏడో తరగతి చదువుతున్న మా మేనకోడలు. బడిలో ప్రాజెక్టుకు ఇది రాసుకోవచ్చా మామయ్యా అని అడిగింది. ఆ అమ్మాయికి ఒక్క మాటలో వద్దని చెబితే సరిపోదనిపించి, సందేశంలోని అంశాలను వరుసగా తీసుకుని ఈ జవాబు రాస్తున్నాను. అందులోనివన్నీ కల్పితాలు కావు. చాలావాటి అడుగున ఒక నిజం ఉంది. అది నోటి నుంచి నోటికి పాకుతూ రూపం మారిపోయింది. అసలు నిజమే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది కాబట్టి ఈ తప్పులు నన్ను మరీ బాధిస్తున్నాయి.

మొదటి అంశం ఊసరవెల్లిది. ఏ రంగు వస్తువు మీద ఉంచితే ఆ రంగులోకి మారిపోతుందని సందేశం అంటోంది. పార్టీలు మార్చే నాయకుణ్ని ఊసరవెల్లి అని తిట్టడం మనకు ఎంత అలవాటంటే, ఈ మాట నిజమో కాదో చూద్దామని ఎవరికీ తోచదు. నా చిన్నతనంలో మా ఊరి పిల్లలం కంచె మీద దొరికిన ఊసరవెల్లిని తెచ్చి ఎర్ర తువ్వాలు మీద పెట్టాం. ఆకుపచ్చగా ఉన్న ఆ జీవి ఎర్రబడలేదు. ఒళ్లంతా నల్లటి మచ్చలూ చారలూ తేలాయి, గొంతు ఉబ్బింది, నోరు తెరిచి బుస కొట్టింది. పసుపుపచ్చ దుప్పటి మీదికి మార్చినా అదే తంతు. మాకు అది మొండికేసినట్టు కనిపించింది గాని, మేము చూసినది దాని భయాన్ని.

ఊసరవెల్లి మామూలుగా ఉన్నప్పటి రంగే దాని చుట్టూ ఉండే ఆకులకూ కొమ్మలకూ దగ్గరగా ఉంటుంది. దాక్కోవడానికి అది చాలు. రంగు మార్చడం ప్రధానంగా తోటి ఊసరవెల్లులతో మాట్లాడే పద్ధతి: పోటీకి వచ్చిన మగదాన్ని బెదిరించడానికి, ఆడదాన్ని ఆకర్షించడానికి, ఓడిపోయానని ఒప్పుకోవడానికి. ఒంటి వేడిని సర్దుకోవడం మరో కారణం. నమీబియా ఎడారిలో ఉండే నమాక్వా ఊసరవెల్లి చలిగా ఉండే ఉదయాన ఎండను పీల్చుకోవడానికి నల్లబడి, మధ్యాహ్నానికి పాలిపోతుంది. ఈ మార్పు ఎలా జరుగుతుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి చర్మంలో చూపించారు. దాని చర్మకణాల్లో గ్వానైన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. జీవి నిమ్మళంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలి కాంతిని వెనక్కి పంపుతాయి, చర్మంలోని పసుపు రంగుతో కలిసి అది మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. జీవి ఉద్రేకపడితే స్ఫటికాల మధ్య ఎడం పెరిగి పసుపు, నారింజ, ఎరుపు కాంతులు బయటికి వస్తాయి. దక్షిణాఫ్రికాలోని ఒక చిన్న జాతి పక్షి ఎదురైతే ఒక తీరుగా, పాము ఎదురైతే మరో తీరుగా రంగు సర్దుకుంటుందని తేలిన మాట వాస్తవమే. అయినా తువ్వాలు రంగును అచ్చు గుద్దినట్టు ఒంటి మీదికి దింపుకోగల ఊసరవెల్లి ఎక్కడా లేదు.

మన వైపు చాలామంది తొండనే ఊసరవెల్లి అనుకుంటారు. మగ తొండ తలా మెడా ఎర్రబడేది జతకట్టే కాలంలో. అది తల పైకీ కిందికీ ఊపేది ఇది నా చోటు అని మరో మగ తొండకు చెప్పడానికి. మమ్మల్ని వెక్కిరిస్తోందంటూ దాని మీద రాళ్లు వేసే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

రెండో అంశం ఇండోనేషియాలోని కొమోడో డ్రాగన్. మన ఉడుముకు దగ్గరి బంధువైన ఈ జీవి మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. "దాని నోరు కుళ్లిన మాంసంతో, క్రిములతో నిండి ఉంటుంది, కొరికి వదిలేస్తే ఆ క్రిములే వారం రోజుల్లో జంతువును చంపుతాయి" అని సందేశం చెబుతోంది. దీన్ని పుట్టించింది వాట్సాప్ కాదు. కొమోడో దీవిలో నెలల తరబడి ఉండి పరిశోధన చేసిన వాల్టర్ ఆఫెన్‌బర్గ్ 1981లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ ఊహ ప్రచారంలోకి వచ్చి, చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో కూడా నిలిచింది. 2009లో బ్రయాన్ ఫ్రై బృందం కొమోడో తలను స్కాన్ చేసి, కింది దవడలో విషగ్రంథులు ఉన్నాయని చూపించింది. ఆ గ్రంథుల్లోని పదార్థాలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు, రక్తపోటును పడగొడతాయి. 2013లో జంతుప్రదర్శనశాలల్లోని కొమోడోల నోళ్ల నుంచి నమూనాలు తీసి చూస్తే, ఇతర మాంసాహార జంతువుల నోళ్లలో ఉండే మామూలు క్రిములే తప్ప ప్రాణాంతకమైన ప్రత్యేక క్రిములేవీ దొరకలేదు. పైగా అది మురికి నోటి జంతువు కూడా కాదు. తిన్న తరువాత చాలాసేపు పెదాలు నాక్కుంటూ, ముఖాన్ని ఆకులకు రుద్దుకుంటూ శుభ్రం చేసుకుంటుంది.

మరి గాయపడిన దున్నలు రోజుల తరువాత చీము పట్టి చనిపోవడం అబద్ధమా? అబద్ధం కాదు. నీటి దున్నలు ఆ దీవులకు సహజమైన జంతువులు కావు, మనుషులు తెచ్చి వదిలినవి. కాటు తిన్న దున్న తన స్వభావం కొద్దీ పరుగెత్తి నీటి గుంటలో దిగుతుంది. పేడతో నిండిన ఆ నీళ్లు లోతైన గాయంలోకి చేరితే చీము పట్టక మానదు. జింకలూ అడవి పందులూ అంతకాలం బతకవు. గాయాల తీవ్రతకూ రక్తస్రావానికీ తొందరగానే పడిపోతాయి. విషం పాత్ర ఎంత, రంపపు పళ్ల పాత్ర ఎంత అన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇంకా ఉంది. ఆ పళ్ల అంచులకు పలుచని ఇనుప పూత ఉందని 2024లో బయటపడింది. సందేశం రాసినవారు ఈ ఒక్క సంగతి రాసి ఉన్నా చదివినవాళ్ల కళ్లు విప్పారేవి.

కొమోడో గురించే మరో మాట: "మగదాని తోడు లేకుండానే ఆడది గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది, పుట్టేవన్నీ తల్లిలాగే ఆడపిల్లలు." మొదటి సగం నిజం. ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలలో ఫ్లోరా అనే ఆడ కొమోడో అలా గుడ్లు పెట్టిన సంగతి 2006లో ప్రపంచానికి తెలిసింది. రెండో సగం తలకిందులుగా ఉంది. ఈ జాతిలో ఆడదానికి రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు, మగదానికి ఒకే రకానివి రెండు ఉంటాయి; ఇలా తల్లి ఒక్కతే కన్నప్పుడు బతికే పిల్లలన్నీ మగవే అవుతాయి.

కొమ్ముల బల్లి కళ్ల నుంచి "విషపు రక్తం" చిమ్ముతుందన్నది తరువాతి అంశం. అమెరికా, మెక్సికో ఎడారుల్లో ఉండే కొమ్ముల బల్లుల్లో కొన్ని జాతులు కంటి చుట్టూ ఉన్న నాళాల నుంచి మీటరుకు పైగా రక్తం చిమ్మగలవు. అది విషం కాదు. నక్కలు, కయోటీలు, కుక్కల నోటికి అది భరించలేని రుచి, అంతే. పక్షులు మీద పడితే ఈ బల్లి సాధారణంగా ఆ పని చేయదు.

కప్పల విషయానికి వస్తే, "రంగురంగుల కప్పను ముట్టుకుంటే చాలు ప్రాణం పోతుంది, దక్షిణ అమెరికా ఆదివాసులందరూ దీన్నే బాణాలకు పూస్తారు" అని రాశారు. కొలంబియా పసిఫిక్ తీరపు అడవుల్లో ఉండే బంగారు విషకప్ప నిజంగానే అతి ప్రమాదకరమైన జీవి. అడవిలో దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. దాని చర్మంలోని బాట్రకోటాక్సిన్ రక్తంలోకి చేరితే నరాలూ గుండె కండరాలూ పనిచేయడం మానేస్తాయి. అయితే అక్కడి ఎంబెరా అనే ఆదివాసులు తమ ఊదుగొట్టాల్లో వాడే పుల్లల మొనలకు పూసేది ఈ కప్ప, దీని దగ్గరి బంధువులు ఒకటి రెండింటి విషం మాత్రమే. ఆ ఖండంలోని ఊదుగొట్టం వేటగాళ్లలో ఎక్కువమంది వాడేది క్యురారే అనే చెట్ల విషం. రంగురంగుల కప్పల్లో మిగిలిన జాతులు ఎన్నో ఉన్నా వాటిలో అత్యధిక భాగం మనిషిని చంపలేవు. ఇంకో సంగతి: ఇదే బంగారు కప్పను గాజుపెట్టెలో పుట్టించి, మామూలు ఈగలూ కీచురాళ్లూ పెట్టి పెంచితే దాని ఒంట్లో ఆ విషం ఉండదు. అడవిలో అది తినే పురుగుల నుంచే విషాన్ని పోగు చేసుకుంటుంది.

"నీళ్లను నెమ్మదిగా వేడి చేస్తే కప్ప గ్రహించలేక ఉడికి చనిపోతుంది, మరిగే నీళ్లలో వేస్తే ఎగిరి దూకుతుంది" అన్న మాటను వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. 1869లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ గోల్ట్జ్ చేసిన ప్రయోగంలో కదలకుండా ఉండిపోయినది మెదడు తీసేసిన కప్ప. మెదడు ఉన్న కప్ప నీటి వేడి 25 డిగ్రీలకు చేరగానే బయటపడడానికి పెనుగులాడింది. చాలా నెమ్మదిగా వేడి చేస్తే మామూలు కప్ప కూడా ఉండిపోతుందని 1872లో హైన్జ్‌మన్ ప్రకటించినా, ఉభయచరాల ఉష్ణ సహనాన్ని దశాబ్దాలు పరిశీలించిన ఓక్లహోమా విశ్వవిద్యాలయపు విక్టర్ హచిసన్ దాన్ని తోసిపుచ్చాడు. వేడి పెరిగేకొద్దీ కప్ప కదలిక పెరుగుతుంది, దారి ఉంటే బయటికి దూకేస్తుంది. సలసల మరిగే నీళ్లలో వేసిన కప్ప మాత్రం దూకలేదు, కాళ్లు కాలి చచ్చిపోతుంది.

టోకే బల్లి గురించి రాసినది వినోదం కోసం చెప్పుకునే కబుర్ల కోవలోకి రాదు. "దీని నాలుక నుంచి ఎయిడ్స్, క్యాన్సర్‌లకు మందు తీస్తారు, ఒక్కో బల్లి లక్షలు పలుకుతుంది" అని ఉంది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే ఈ బూడిద నీలం రంగు, నారింజ చుక్కల బల్లికి ఆ గుణం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు. ఈ పుకారు ఉధృతంగా ఉన్న 2011లో ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ దీన్ని నమ్మవద్దని ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. వేట, రవాణా విపరీతంగా పెరగడంతో 2019లో ఈ జాతి వ్యాపారాన్ని అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు నియంత్రణలోకి తెచ్చారు. బల్లి నుంచి మందు రాలేదా అంటే, ఒకటి వచ్చింది. అమెరికా ఎడారుల్లోని గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో జాన్ ఎంగ్ అనే వైద్యుడు గుర్తించిన హార్మోను ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో మధుమేహం మందుగా అనుమతి లభించింది. అది ప్రయోగశాలలో కృత్రిమంగా తయారవుతుంది. దానికోసం ఎవరూ బల్లుల్ని పట్టనక్కరలేదు.

చివరి అంశం మన వంటింటిది: "ఇంటి బల్లి ఒంటి నిండా విషమే, అది పడిన అన్నం తింటే మరణమే." ట్యూబులైటు పక్కన పురుగుల కోసం కాచుకుని ఉండే ఆ బల్లికి విషగ్రంథి లేదు, చర్మంలో విషమూ లేదు. దాని పేగుల్లోనూ రెట్టలోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. అందుకే బల్లి పడిన వంటను పారబోయవలసిందే, ఇందులో రెండో మాట లేదు. కాని సాల్మొనెల్లా వల్ల జబ్బు పడడానికి తక్కువలో తక్కువ ఆరు గంటలైనా పడుతుంది, చాలాసార్లు ఒకటి రెండు రోజులు పడుతుంది. హాస్టల్లో అన్నం తిన్న గంట రెండు గంటల్లోనే పిల్లలు వరుసగా వాంతులు చేసుకుంటే, పప్పులో బల్లి కనిపించిందన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోవడం నన్ను కలవరపెడుతుంది. పొద్దున వండి గోరువెచ్చగా గంటల తరబడి వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి వదిలే విషం అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు చేయిస్తుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. వండేవారి చేతి మీది పుండు నుంచి చేరే స్టాఫైలోకాకస్ విషానిదీ దాదాపు ఇదే తీరు. వాటి సంగతి తేలాలంటే పరీక్షించడానికి ఆ అన్నం ఉండాలి. సాధారణంగా జరిగేది ఏమిటంటే, బల్లిని చూడగానే కంగారులో గిన్నెలన్నీ కడిగేస్తారు. పారబోసేముందు ఆ అన్నం, కూర, తాగిన నీళ్లు కొద్దికొద్దిగా శుభ్రమైన మూతగిన్నెల్లోకి తీసి చల్లటి చోట ఉంచి, తిన్న సమయమూ మొదటి వాంతి అయిన సమయమూ కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.