రిటైరైన టపా బండి గారికి

అమెరికా పోస్టాఫీసు వారి టపా బండి, మహారాజశ్రీ గ్రమ్మన్ ఎల్ఎల్‌వీ గారికి డాలస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా ఉన్నారో, ఈపాటికే తుక్కు యార్డులో నడుం వాల్చారో తెలియక ఈ ఉత్తరం. మీ అడ్రసు నాకు తెలీదు. ఇన్నేళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన మీకు ఉత్తరం ఎవరు తెచ్చిస్తారో అంతకన్నా తెలీదు.

పోయిన నెల మా వీధికి మీ బదులు కొత్త టపా బండి వచ్చింది. పొట్టి మూతి, నిలువెత్తు అద్దం, అచ్చం బాతులా ఉంది. ఏసీ కూడా ఉందట. మీకేమో డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను. జులైలో టెక్సస్ ఎండకి అది వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకి తోసేది, అంతే. చంద్రుడి మీద మనుషుల్ని దింపిన లూనార్ మాడ్యూల్ కట్టిన గ్రమ్మన్ కంపెనీయే మిమ్మల్నీ కట్టింది. చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళకి మా వీధిలో ఎండ ఎంతుంటుందో తట్టలేదు. మిమ్మల్ని 1985లో పరీక్షించింది లరేడోలో, అంటే ఈ టెక్సస్‌లోనే! ఒక్కో చక్రాన్నీ 35,000 సార్లు గుంతల్లో దించి చూశారట. మా ఊళ్ళో అయితే దానికి వేరే ట్రాకు అక్కర్లేదు, ఒక్క వర్షాకాలం చాలు.

మనవాళ్ళు పిల్లాడికి చిరంజీవి అని పెట్టుకున్నట్టు మీకు 'లాంగ్ లైఫ్ వెహికల్' అని పేరు పెట్టారు. 1987 నుంచి 1994 దాకా పుట్టిన మీ అన్నదమ్ములు లక్షా నలభై వేల పైమాటే. 24 ఏళ్ళు పనిచేస్తే చాలన్నారు. తీరా ఆ గడువు దగ్గర పడేసరికి 'ఇంకో ఆరేళ్ళు' అని ముప్ఫై చేశారు. అదీ దాటాక ఇక లెక్కపెట్టడం మానేశారు. ఎయిర్‌బ్యాగు లేదు, గ్యాలనుకి పది మైళ్ళకి మించి రాదు, మీవాళ్ళు కొందరు డ్యూటీలో ఉండగానే తగలబడిపోయారు కూడా. అయినా మర్నాడు పొద్దున్నే మిగతావాళ్ళు రోడ్డెక్కేవారు.

సరే, రిటైరయ్యారు. ఇక అసలు సంగతికొస్తాను. మీ ఖాళీ టైముని ఏం చెయ్యాలా అని మేం చాలా సీరియస్‌గా ఆలోచిస్తున్నాం.

మొదటి ఐడియా నాదే: దోసెల బండి. వెనక షట్టరు పైకి లేపితే కౌంటరు, పక్క తలుపు జారిస్తే గాలి. ఉత్తరాల ట్రే పెట్టుకునే చోట చట్నీ గిన్నెలు సరిగ్గా సరిపోతాయి. ఒక రాత్రంతా కూర్చుని ఎక్సెల్‌లో లెక్కలేశాను. తెల్లారాక చూస్తే మీరు మోయగలిగేది వెయ్యి పౌండ్లు. అట్ల పెనం, గ్రైండరు, గ్యాసు బండలు, నీళ్ళ ట్యాంకు, హెల్త్ డిపార్ట్‌మెంటు అడిగే మూడు తొట్ల సింకు, చేతులు కడుక్కోవడానికి ఇంకో సింకు ఎక్కించాక మా బావమరిదికి చోటు లేదు. దోసెలు వెయ్యడం వచ్చింది వాడొక్కడికే.

మా ఆవిడకి చీరల షోరూం కావాలి. ఇప్పుడది మా గ్యారేజీలో నడుస్తోంది, అందుకే మా కార్లు వానలో తడుస్తున్నాయి. పక్కింటాయన లోపల మంచం వేసి కొలరాడో కొండలెక్కిస్తానన్నాడు. ఆయన మిమ్మల్ని ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఎప్పుడూ చూసినట్టు లేదు. మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారైతే వినాయక నిమజ్జనానికి మిమ్మల్ని రథం చేసేశారు. ఊరేగింపు గుడి పార్కింగు లాటులో మూడు రౌండ్లే కాబట్టి మైలేజీ పేచీ లేదట. విగ్రహం వెనక, ప్రెసిడెంటు గారు ముందు. ఫ్లెక్సీ ఎలాగూ మీకు రెండు వైపులా పడుతుంది.

ఈ ఉత్సాహంలో ఎవరమూ కనుక్కోని విషయం ఒకటుంది. పాత రోజుల్లో పోస్టల్ జీపుల్ని వేలంలో ఎవరైనా కొనుక్కునేవారు. ఐస్‌క్రీం బళ్ళయ్యాయి, పొలాల్లో తిరిగాయి. మీ తరాన్ని మాత్రం చాలావరకు నేరుగా తుక్కుకే పంపుతున్నారు. మీ ఒళ్ళు అల్యూమినియం, తుప్పు పట్టదు. ఈ మాట చెప్పగానే మా ఆవిడ, "అయితే ఇడ్లీ రేకులు ఎన్నొస్తాయి?" అంది.

మీ గురించి ఏ ప్లానూ వెయ్యనివాడు ఇంట్లో ఒక్కడే, మా నాన్న. తెనాలి దగ్గర పోస్టాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. "ఇక్కడికొచ్చి హాయిగా రెస్టు తీసుకో నాన్నా" అని నేనే పిలిపించాను. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన రెండో రోజే మిమ్మల్ని చూశాడు. "ఒరేయ్, దీనికి స్టీరింగు మనవైపే ఉందిరా!" అని ఎంత సంబరపడ్డాడో! బండి దిగకుండా డబ్బాలో ఉత్తరం వెయ్యడానికి అలా పెట్టారని చెప్పినా వినలేదు. ఈ దేశంలో మన పద్ధతి తెలిసిన బండి ఇదొక్కటే అన్నాడు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి చల్లటి నీళ్ళ సీసాతో డబ్బా దగ్గర నిలబడేవాడు. సీసా డ్రైవరుకి. మిమ్మల్ని మాత్రం తలుపు మీద రెండుసార్లు తట్టేవాడు, గేదెని తట్టినట్టు.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మీ భవిష్యత్తు మీద చర్చ జరుగుతుంటే ఆయన్నీ అడిగాం.

"ఏమీ చెయ్యకండిరా. ఏదైనా చెట్టు కింద నీడలో పెట్టండి."

ఒక్క నిమిషం ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ, "మావయ్యగారూ, రేపు బాబుని బస్సు దగ్గర దింపాక, గుడికెళ్ళి పులిహోర పొట్లాలు కట్టాలి, గుర్తుందిగా? మూడింటికి పాపకి డాన్సు క్లాసు కూడా," అంది. నాన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: నాన్నకి ఇచ్చిన ఆరు నెలలూ వచ్చే నెలతో అయిపోతాయి. ఇంకో ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాం.