ఆ నవ్వు ఆమెకు అర్థమైంది

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలు ఈసారి బాగా జరిగాయి. చోటు చాలక కారిడార్‌లో కూడా ముగ్గులు వేశారు. భోగిపళ్లకు పిల్లలు వరుస కట్టారు. అరిసెలు మధ్యాహ్నం రెండింటికే అయిపోయాయి. దీని వెనక కార్యవర్గం పడిన కష్టం నాకు తెలుసు, రెండేళ్లు నేనూ అందులో పనిచేశాను. అందుకే ఈ వ్యాసం రాయడానికి మూడు వారాలు వెనకాడాను. ఇక మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను.

పిల్లలకు ఐదేసి నిమిషాలు ఇచ్చిన 'నా ప్రయాణం' కార్యక్రమం గుర్తుండే ఉంటుంది. దుబాయ్, ఫ్లోరిడా, స్విట్జర్లాండ్ అయ్యాక మా అమ్మాయి వంతు వచ్చింది. దానికి పదకొండేళ్లు. డిసెంబర్ సెలవుల్లో మేం పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా వెళ్లొచ్చాం. దాని గురించి చెప్పాలని రెండు వారాలు తయారైంది. మూడు స్టీలు డబ్బాలకు మూడు రంగుల కాగితాలు అంటించింది. మూతలకు గొట్టాలు అమర్చి, లోపల తన పాత గజ్జెల్లోంచి ఊడిన మువ్వలు కట్టింది. అడుగున ఇసుక కూడా పోసింది.

ఎందుకంటే గాంబియాలో ఓటు వేసేది కాగితం మీద కాదు, గాజు గోళీతో. చదువు రానివాళ్లు కూడా పొరపాటు లేకుండా వేయగలగాలని 1960ల నుంచి వస్తున్న పద్ధతి అది. మన అభ్యర్థి రంగు వేసిన డ్రమ్ములో గోళీ జారవిడిస్తే లోపల గంట ఒక్కసారి మోగుతుంది. రెండోసారి మోగిందంటే బయట కూర్చున్న అధికారికి దొంగ ఓటని తెలిసిపోతుంది. 22 ఏళ్లు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న యాహ్యా జామేను 2016 డిసెంబర్‌లో జనం ఆ గోళీలతోనే దించారు. ఈ సంగతి విన్న రోజు మా పాప రాత్రి పదింటి దాకా నిద్రపోలేదు.

అది చెప్పడానికే గోళీ చేతిలోకి తీసుకుంది. ఇంతలో యాంకర్‌గా ఉన్న మన మిత్రుడు మైకు అందుకున్నారు. "అమ్మో, ఆఫ్రికా అడవుల్లోంచి ప్రాణాలతో తిరిగొచ్చింది, గట్టిగా చప్పట్లు కొట్టండి! ఏం తల్లీ, అక్కడివాళ్లు నిన్ను వండుకు తినలేదు కదా?"

హాలంతా గొల్లుమంది. పాప గోళీని గుప్పిట్లోనే ఉంచుకుని, 'థాంక్యూ' అని చెప్పి దిగి వచ్చేసింది. గంట మోగనే లేదు.

మీలో చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. మూడో వరుసలో నా పక్కన మా ఆవిడతో కలిసి ఆసుపత్రిలో పనిచేసే నర్సు కూర్చుని ఉంది. గాంబియా ఆమె దేశం. మమ్మల్ని అక్కడికి పిలిచి, వాళ్లమ్మగారింట్లో ఐదు రోజులు పెట్టుకున్నది ఆమే. మా పాప ప్రోగ్రాం చూడాలని ఆ రోజు నైట్ డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన చీర కట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని కూర్చుంది. నవ్వులు మొదలవగానే నా వైపు వంగి "ఏమన్నారు?" అని అడిగింది. "పాప బాగా మాట్లాడిందని మెచ్చుకుంటున్నారు" అన్నాను.

ఆమెను ఇంటి దగ్గర దింపేదాకా కార్లో ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. డోరు తీసి దిగబోతూ, "నాకు ఒక్క మాట అర్థమైంది, ఆఫ్రికా. ఆ తర్వాత అందరూ నవ్వారు" అంది.

అడవులు అన్నారు కాబట్టి మేం చూసింది చెప్పాలి. లండన్ నుంచి ఆరు గంటల ప్రయాణం, చలికాలంలో గడియారం మార్చుకునే పని కూడా లేదు. ఒక నదిని, దాని రెండు ఒడ్లను పట్టుకుని సన్నగా సాగిపోయే దేశం గాంబియా. పడమర సముద్రం, మిగతా మూడు వైపులా సెనెగల్. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగం కంటే కాస్త పెద్దది. మొత్తం జనాభా అటూ ఇటూగా పాతిక లక్షలే. ఇక్కడి నుంచి చలికాలంలో విమానాలు నిండా జనం ఎండ కోసం పోతారు. వాళ్లలో ఎక్కువమంది కొలోలి బీచ్ హోటళ్లలోనే వారం గడిపి వచ్చేస్తారు. మేమూ రెండు రోజులు అలాగే ఉన్నాం, ఆ రెండు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

తర్వాత నర్సు వాళ్లమ్మగారి ఊరు బ్రికామాకు వెళ్లాం. మామిడిచెట్టు చుట్టూ నాలుగు గదులున్న వాకిలి వాళ్లది. గుమ్మంలో అడుగు పెట్టగానే పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్న "సుమోలు లే?". మాండింకా భాషలో 'మీ ఇంటివాళ్లు ఏరీ?' అని. "ఇ బే జే", అంటే 'అక్కడే ఉన్నారు' అని జవాబు చెప్పాలి. మా అమ్మ గురించి, తమ్ముడి గురించి, వాడి పిల్లల గురించి ఒక్కొక్కరినీ అడిగి, అందరూ ఉన్నారని చెప్పించుకున్నాకే కూర్చోమంది. మా ఊళ్లో జేజి ఇలాగే అడిగేది. ఫోన్లో 'హాయ్, ఎలా ఉన్నావ్, సరే ఉంటా' అనడం అలవాటైపోయిన నాకు అంతసేపు నిలబడి మంచీచెడ్డా చెప్పుకోవడం మొదట ఇబ్బందిగా అనిపించింది. మూడో రోజుకు నేనే ఎదురెళ్లి అడుగుతున్నాను.

భోజనానికి అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం. బెనాచిన్ అనే ఎర్రటి అన్నం, పైన చేప ముక్కలు, క్యాబేజీ, వంకాయ. ఎంగిలి అని పెరిగినవాణ్ని, నా చెయ్యి ముందుకు రాలేదు. కాసేపు గమనించాక అర్థమైంది. ఎవరి ముందున్న వాటా వాళ్లదే, ఒకరి వైపు ఇంకొకరి చెయ్యి పోదు. పెద్దావిడ ఒక్కతే కుడిచేత్తో చేప ముల్లు తీసి, ఆ ముక్కను మెల్లగా మా పిల్లాడి వైపు తోసేది. వాడు తినేసరికి ఇంకో ముక్క అక్కడ ఉండేది. చిన్నప్పుడు మా జేజి పెద్ద గిన్నెలో రాగిసంగటి, పప్పు కలిపి మా అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది కదా, అక్కడ ఎంగిలి ఎందుకు గుర్తురాలేదు నాకు?

శనివారం మా ఆవిడ మాంసం ముట్టదని తెలిసి, మాంసం లేకుండా గుమ్మడికాయతో దొమోదా వండారు. చెనక్కాయలు నూరి చేసే చిక్కటి పులుసు. మొదటి ముద్దకే కదిరి గుర్తొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1965 నాటికి ఆ దేశం ఎగుమతి చేసేదంతా దాదాపు చెనక్కాయలే. ధర పడిపోయినా, వాన మొహం చాటేసినా రైతు ఎలా కూలిపోతాడో అనంతపురంవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు కింద ఆడవాళ్లు చేటల్లో చెనక్కాయలు ఒలుస్తుంటే నేనూ కూర్చున్నాను. నా వేళ్ల వేగం చూసి వాళ్లు మెచ్చుకున్నారు.

అంతా బాగుందని చెప్పను. బీచ్ దగ్గర బంస్టర్లని పిలిచే కుర్రాళ్లు వెంటపడి విసిగిస్తారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. రాజధాని బాంజుల్ నుంచి అవతలి ఒడ్డున బార్రాకు నది దాటించే ఫెర్రీ కోసం మేకలు, లారీలు, బస్తాల మధ్య మూడు గంటలు నిలబడ్డాం. మలేరియా మాత్రలు పడక మా ఆవిడకు రెండు రోజులు వికారం. కష్టపడి కూడబెట్టుకున్న సెలవులకు ఈ టెన్షన్ ఎందుకు అనేవాళ్లతో నేను వాదించను.

ఫెర్రీ దాటి, పడవెక్కి కుంటా కింటే దీవికి కూడా వెళ్లాం. బానిసలుగా అమ్మేసే మనుషుల్ని ఓడలు ఎక్కించేముందు ఉంచిన కోట అక్కడిది. ఇప్పుడు మొండిగోడలు, కొన్ని బావోబాబ్ చెట్లు మిగిలాయి. నది కోసుకుపోతుంటే దీవి చిన్నదైపోతోంది. 'ఏడు తరాలు'గా తెలుగులోకి వచ్చిన పుస్తకం వల్ల, అందులో బానిసగా అమ్ముడైన కుంటా కింటే పేరు మన తరంలో చాలామందికి తెలుసు. ఆ పుస్తకం చదివి ఏడ్చినవాళ్లు సంక్రాంతి రోజు మన హాల్లోనూ ఉన్నారు.

ఇక అసలు చెప్పాల్సింది చెప్తాను. నాలుగో రోజు రాత్రి మా చిన్నాడికి జ్వరం, దగ్గు. పొద్దున్నే వాళ్ల పెద్దక్క నన్ను వీధి చివర మందులషాపుకు తీసుకెళ్లింది. షాపతను సిరప్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి వెనక వైపు చదివింది. వేలు ఒక చోట ఆగింది. 'మేడ్ ఇన్ ఇండియా'. మాట్లాడకుండా సీసాను అతని వైపు జరిపి, "ఇది వద్దు, వేరేది ఇవ్వు" అంది. అప్పుడు నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చినట్టుంది. నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను అనడం లేదు తమ్ముడూ" అంది.

2022 వానాకాలంలో ఆ దేశంలో పసిపిల్లలకు ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడం మొదలైంది. కిడ్నీలు పాడై దాదాపు 70 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్ల లోపువాళ్లే. హర్యానాలో తయారైన నాలుగు సిరప్‌లలో డైఇథలీన్ గ్లైకాల్, ఇథలీన్ గ్లైకాల్ అనే విషాలు ఉన్నాయని ఆ అక్టోబర్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. మందుల్ని పరీక్షించే ల్యాబు కూడా ఆ దేశానికి అప్పటికి లేదు. మన లేబుల్‌ని నమ్మి తాగించారు. మన ప్రభుత్వం తన దగ్గర పరీక్షించిన శాంపిళ్లు బాగానే ఉన్నాయంది. అయినా 2023 జూన్ 1 నుంచి దగ్గు మందు ఏదైనా ప్రభుత్వ ల్యాబులో పరీక్షించాకే ఎగుమతి చేయాలని రూల్ పెట్టింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మన పిల్లలే దగ్గు మందుతో పోయారు.

మా చిన్నాన్న కొడుకు జీడిమెట్లలో మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాడు. వచ్చాక వాడికి ఫోన్ చేశాను. "సిరప్‌లో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వచ్చిందంటే, అందులో ఆ విషాలు కలిశాయేమోనని డ్రమ్ము డ్రమ్ముకీ పరీక్ష చేయాల్సిందే అన్నా. ఒక్క డ్రమ్ము వదిలేసినా మనిషి పోతాడు" అన్నాడు. ప్రపంచానికి మందులిచ్చేది మా హైదరాబాద్ అని ఇక్కడ ఆఫీసులో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో. ఆ షాపులో ఆ బల్ల ముందు మాత్రం నా నోట మాట రాలేదు. మన దేశపు సీసా వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న దేశంలో, నా మనసు నొచ్చుకుంటుందేమోనని ఆ అక్క ఆలోచించింది. ఆమె చెల్లెలు మన హాలుకు వస్తే మనం ఏం చేశామో పైన రాశాను.

యాంకర్ మిత్రుడు చెడ్డవారు కాదు. మా నాన్న పోయినప్పుడు నాకు టికెట్ దొరికేదాకా రాత్రంతా ఫోన్ వదలకుండా కూర్చున్న మనిషి. మర్నాడు మెసేజ్ పెట్టారు, సరదాకి అన్నానని. వాట్సాప్ గ్రూపులో కొందరు 'ప్రతిదానికీ ఫీలైతే ఎలా అండీ' అన్నారు. వేదిక మీద హడావిడిలో నోరు జారడం ఎవరికైనా జరిగేదే, ఒప్పుకుంటాను. కానీ మన కూరల వాసన మీద ఇక్కడివాళ్లు ఒక్క జోకు వేస్తే మనం ఎన్ని సంతకాలు సేకరిస్తాం? నల్లవాళ్లను మనలో మనం పిలిచే ఆ మాట, వాళ్లకు తెలుగు రాదన్న ధైర్యంతో బస్సుల్లో కూడా అనే ఆ మాట, మన పిల్లలు మన నోటి నుంచే నేర్చుకున్నారు. పుట్టిన పిల్ల రంగు చూసి నిట్టూర్చే ఇళ్లు మనవి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ తిరిగాం. అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరని మనలో ఎంతమందికి తెలుసు? మనం అడవి అన్న ఆ చిన్న దేశమే 2019 నవంబర్‌లో రోహింగ్యాల తరఫున మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. పెద్ద దేశాలు ఊరుకున్న చోట అది నిలబడింది.

కార్యవర్గాన్ని నేను కోరేది ఎక్కువేం కాదు. ఉగాది కార్యక్రమంలో మా పాపకు మళ్లీ ఐదు నిమిషాలు ఇవ్వండి, పంచాంగ శ్రవణానికి ముందైనా సరే, భోజనాల తర్వాతైనా సరే. యాంకరింగ్ చేసేవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి. సంక్రాంతి నాడు అన్నదానికి వేదిక మీదే క్షమించమని అడగండి. అది తెలుగులో వద్దు, దయచేసి ఇంగ్లీషులో చెప్పండి. ఈసారి ఆమె నన్ను అడగాల్సిన పని ఉండకూడదు, నేను ఇంకో అబద్ధం చెప్పలేను.

ఆమెను మళ్లీ పిలిచాం. డ్యూటీ చూసుకుని చెప్తానంది. ఇంకా చెప్పలేదు. డబ్బాలు మూడూ మా హాల్లో టీవీ పక్కనే ఉన్నాయి, పాప వాటిని తీయనివ్వడం లేదు.