యంత్రాలు తిరిగొచ్చాయి, ఆ నిదానం రాలేదు

మా అబ్బాయికి ఏడేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి ముందు కొత్త థండర్‌బర్డ్స్ చూశాం, తర్వాత 1965 నాటి పాతది మొదలుపెట్టాం. ఒక దీవిలో ఉండే ట్రేసీ కుటుంబం, థండర్‌బర్డ్స్ అనే యంత్రాల్లో వెళ్లి ప్రమాదాల్లో చిక్కుకున్నవారిని కాపాడే బ్రిటిష్ టీవీ సీరియల్ ఇది. పాతదాన్ని తీగలతో ఆడించే బొమ్మలతో తీశారు. ఒక్కో భాగం దాదాపు 50 నిమిషాలు. బొమ్మల తలల మీద తీగలు కనబడుతూనే ఉంటాయి. పది నిమిషాలకే లేచిపోతాడనుకున్నాను.

లేవలేదు. ట్రేసీ అన్నదమ్ముల్లో ఒకడైన వర్జిల్ గోడకున్న చిత్రపటానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పటం వెనక్కి వాలింది, అతడు తలకిందులుగా జారుతూ థండర్‌బర్డ్ 2 విమానం దాకా వెళ్లాడు. ఈసారి ప్రమాదానికి ఏ పాడ్ (సహాయ యంత్రాలుండే పెద్ద పెట్టె) కావాలో చూసి దాన్ని ఆ పెద్ద విమానం పొట్ట కిందికి చేర్చారు. కొండకున్న తలుపు తెరుచుకుంది. దారికి రెండు వైపులా చెట్లు పక్కకు ఒరిగాయి. అప్పుడు గానీ విమానం లేవలేదు. అంతసేపూ మా వాడు నా చెయ్యి వదల్లేదు. "అమ్మా, వీళ్లు వెళ్లేసరికి వాళ్లు బతికుంటారా?" అని అడిగాడు. కొత్తది చూసినన్నాళ్లూ వాడి నోట ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు.

నా బాధ అంతా ఆ ప్రశ్న గురించే.

కొత్తది తీసినవారికి పాతదంటే ప్రేమ లేదని నేను అనను. 2015లో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన 'థండర్‌బర్డ్స్ ఆర్ గో'లో మనుషులు కంప్యూటర్ బొమ్మలే అయినా, దీవిని, విమానశాలలను న్యూజిలాండ్‌లోని వెటా వర్క్‌షాప్ వారు చేత్తో చిన్న నమూనాలుగా కట్టారు. పాత సీరియల్లో థండర్‌బర్డ్ 1 విమానం ఉండే చోట గోడకు ఏదో యంత్రభాగంలా కనిపించేది నిజానికి వంటింట్లో నిమ్మకాయలు పిండుకునే సాధనం. వెటా వారు కూడా గుర్తుపెట్టుకుని తమ గోడకు అలాంటిదే ఒకటి పెట్టారు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. 1965లో కథలోని కారు డ్రైవర్ పార్కర్‌కు గొంతు ఇచ్చిన డేవిడ్ గ్రాహమ్, తొంభైకి చేరువైన వయసులో మళ్లీ పార్కర్‌గా మాట్లాడారు. యంత్రాలన్నీ తయారుచేసే బ్రెయిన్స్ ఈసారి భారతీయుడి యాసలో మాట్లాడతాడు. పాతదాంట్లో ఎక్కువగా ఇంటిపట్టునే ఉండిపోయిన టిన్‌టిన్ అనే అమ్మాయి స్థానంలో కేయో వచ్చింది, తన సొంత విమానం తానే నడుపుతుంది. ఈ మార్పులన్నిటినీ మనసారా మెచ్చుకుంటాను.

కానీ అసలు ఈ కథ ఎక్కడ పుట్టిందో చూడండి. 1963 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని లెంగెడె ఇనుప గనిలోకి నీరు ముంచుకొచ్చింది. లోపల 129 మంది. 29 మంది చనిపోయారు. అందరూ ఆశ వదులుకున్నాక 11 మంది ఇంకా బతికే ఉన్నారని తెలిసింది. నేలను తొలిచే పెద్ద యంత్రం దూరం నుంచి రావాలి. ఆ 11 మంది 14 రోజుల తర్వాత బయటికొచ్చారు. ఆ వార్త విన్న పాత సీరియల్ సృష్టికర్త గెరీ ఆండర్సన్‌కు, ఇలాంటి యంత్రాలన్నీ ఒకచోట సిద్ధంగా ఉంటే, పిలవగానే ఎగిరి వెళ్లగలిగితే అన్న ఆలోచన వచ్చింది. అంటే సీరియల్ పునాదిలోనే ఎదురుచూపు ఉంది. యంత్రం వచ్చేలోపు లోపల ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయం ఉంది. ఆ భయం లేకపోతే మిగిలేది ఎగిరే బొమ్మలే.

ఇంకో సంగతి. పాతదాన్ని కూడా మొదట అరగంట కార్యక్రమంగానే తలపెట్టారు. మొదటి భాగం చూసిన, దానికి డబ్బు పెట్టిన టీవీ సంస్థ అధిపతి లూ గ్రేడ్, ఇది అరగంటలో ఇమిడేది కాదు, గంట కార్యక్రమంగా చేయండి అన్నాడు. అప్పటికే తీసినవాటికి కూడా కొత్త సన్నివేశాలు చేర్చి పొడిగించారు. డబ్బు పెట్టే మనిషికి ఆరోజు అర్థమైన విషయం అది! యాభై ఏళ్ల తర్వాత కొత్తవారు మళ్లీ అరగంటకే వెళ్లారు. ప్రకటనలు పోను ఇరవై నిమిషాల పైచిలుకు. ప్రమాదం జరుగుతుంది, హోలోగ్రామ్ వెలుగుతుంది, విమానం లేస్తుంది, గండం గడుస్తుంది. ఎవరి గురించీ భయపడే వ్యవధి ఉండదు.

అప్పట్లో బొమ్మలకు సరిగ్గా నడవడం రాదు. అందుకే కుర్చీలు కిందికి దిగేవి, గోడలు తిరిగేవి, మనుషులు జారుతూ వెళ్లేవారు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసుకున్న డెరెక్ మెడింగ్స్ బృందం నమూనాలను ఎక్కువ వేగంతో చిత్రీకరించి నెమ్మదిగా చూపించేది, చేతిలో పట్టే విమానానికి టన్నుల బరువు ఉన్నట్లు అనిపించేది. ఆ ఇబ్బందుల నుంచే ఆ నిదానం వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్ బొమ్మ పరుగెత్తగలదు కాబట్టి పరుగెత్తిస్తున్నారు.

ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కొత్త సీరియల్లో తండ్రి జెఫ్ ట్రేసీ మొదటి నుంచీ కనిపించడు. కొడుకులు ఆయన్ను వెతికి ఇంటికి తెచ్చుకునేది 2020లో వచ్చిన చిట్టచివరి కథలో. మొత్తం 78 భాగాలు. మా వాడు అన్నీ చూశాడు, ప్రతిసారీ "ఈరోజు వాళ్ల నాన్న వస్తాడా?" అని అడుగుతూనే ఉన్నాడు. అన్నాళ్లు ఎదురుచూసిన పిల్లవాడు, గనిలో చిక్కుకున్నవారి కోసం ఇంకో అరగంట కూర్చోడా?