ప్లేట్‌లో కణాలు చచ్చాయంటే మందు దొరికినట్టు కాదు

అడవి మొక్కతో క్యాన్సర్ మాయమంటూ ఏదో ఒక వార్త మన ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. పచ్చటి ఆకు ఫొటో, కింద ఫలానా కాలేజీ వాళ్ళు కనిపెట్టారన్న మాట. ఆ పరిశోధన అబద్ధమని నేననను. పిల్లలు కష్టపడి నిజంగానే చేసి ఉంటారు. కానీ వాళ్ళు ఎక్కింది తొలిమెట్టు. దాన్నే మందుగా ప్రకటించేవాళ్ళ మీద, ఆ వార్తను సరిదిద్దకుండా ఫొటోకి నిలబడే పరిశోధన గైడ్ల మీద నాకు చాలా కోపం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అసలు ల్యాబ్‌లో జరిగేదేమిటి? ఆకులు నీడన ఆరబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లోనో ఇథనాల్‌లోనో నానబెట్టి వడకడతారు. ద్రావకం ఎగిరిపోయాక అడుగున ముదురాకుపచ్చ జిగురు, అంటే ఆకు సారం, మిగులుతుంది. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేట్‌లో క్యాన్సర్ కణాలు పెంచి, ఆ జిగురును రకరకాల మోతాదుల్లో కలుపుతారు. ఒకటి రెండు రోజులాగి ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం వేస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి. ఊదా తగ్గితే కణాలు తగ్గినట్టు లెక్క.

తిరకాసంతా ఇక్కడే ఉంది. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు కొన్ని కణాలతో పనిలేకుండా తామే ఆ పసుపును ఊదాగా మార్చేస్తాయి. ఆకు రంగు కూడా రీడింగ్‌ను పాడుచేయగలదు. అందుకే కణాలు లేని గుంటలో ఒట్టి సారం వేసి చూడాలి. మామూలు కణాల మీదా వేసి చూడాలి. గుంటలో కణాలు చావడానికి బ్లీచింగ్ నీళ్ళు చాలు. మామూలు కణాన్ని వదిలేసి క్యాన్సర్ కణాన్నే దెబ్బకొడుతుందా అని తేల్చాలి కదా! నేను చదివిన థీసిస్‌లలో చాలావాటిలో ఈ పరీక్షలు కనబడలేదు. ఏ మొక్క తెచ్చారో రుజువుగా హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచేచోట, నమూనా భద్రపరచడం కూడా కొందరికి పట్టదు.

మొక్కల్లో వెతకడం దండగ అని మాత్రం అనుకోకండి. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు చూడండి. దాని సొంతూరు మడగాస్కర్. జమైకాలో ఆ ఆకుల టీ షుగర్‌కి తాగేవారు. ఆ సంగతి పరీక్షిద్దామని కెనడాలో రాబర్ట్ నోబుల్ బృందం ఎలుకలకు సారం ఇచ్చింది. షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు మాత్రం తెల్లరక్తకణాలు పడిపోయాయి. నోబుల్, చార్లెస్ బీర్ ఆ తీగ వదలకుండా లాగితే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది, 1958లో ప్రకటించారు. తర్వాత అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఈరోజుకీ వాడుతున్నారు. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ కోసం వందల కిలోల ఎండుటాకులు కావాలి. పెద్దవాళ్ళకైనా ఒక్క డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, నరాలు దెబ్బతింటాయి గనుక. అది రక్తనాళంలోకే ఎక్కించాల్సిన మందు. కాబట్టి ఆ ఆకు నమిలితే క్యాన్సర్ పోతుందనేవాళ్ళ మాట దయచేసి నమ్మకండి.

చెట్టు నుంచే వచ్చిన ఇంకో క్యాన్సర్ మందు టాక్సాల్ కథ ఇంకా పొడుగు. 1962లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించారు. మన్రో వాల్‌తో కలిసి మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ దాని నిర్మాణాన్ని తేల్చి 1971లో ప్రచురించారు. అది కణంలో ఎలా పనిచేస్తుందో 1979లో సూసన్ హార్విట్జ్ చెప్పారు. అండాశయ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది 1992లో. బెరడు నుంచి ఆస్పత్రి దాకా 30 ఏళ్ళు! పైగా బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. అందుకే తర్వాత యూరప్ యూ ఆకుల్లోని పదార్థంతో మొదలుపెట్టి మందు తయారుచేసే దారి పట్టారు.

ఇప్పుడు సీతాఫలం చుట్టమైన లక్ష్మణఫలం సంగతి. మా పెద్దమ్మ వరసావిడ ఒకరు కీమో మధ్యలో మానేసి ఈ ఆకు కషాయం పట్టుకున్నారు. తిరిగి ఆస్పత్రికి వెళ్ళేసరికి జబ్బు ముదిరిపోయింది. అనోనాసిన్ అనే పదార్థం ఇందులో ఉంది, ప్లేట్‌లో క్యాన్సర్ కణాలను చంపుతుంది, నిజమే. అది నరాల కణాలనూ చంపగలదు. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లాంటి జబ్బుకీ ఈ పళ్ళు, ఆకుల టీ వాడకానికీ సంబంధం ఉండొచ్చని 1999లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఫార్వర్డ్ మెసేజ్‌లో ఈ సగం ఎందుకుండదు?

గైడ్లకు నా మనవి: మీ విద్యార్థి పనిని చిన్నబుచ్చాల్సిన పనిలేదు. ఏ కణాల మీద చేశారో, మామూలు కణాలేమయ్యాయో, ఎలుకల దాకా వెళ్ళారో లేదో విలేకరికి మీరే చెప్పండి. పనిచేయని మొక్కల ఫలితాలూ ప్రచురించండి, ఇంకో కాలేజీ పిల్లలు అదే ఆకు మళ్ళీ నూరకుండా ఉంటారు.

ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్ళకి ఇంకోమాట. కషాయం ఏదైనా తాగిస్తుంటే భయపడి దాచకండి. కొన్ని ఆకులు కీమో మందులతో పడవు, లివర్ మీద భారం పడొచ్చు. ఆ పొట్లమో సీసానో తదుపరి అపాయింట్‌మెంట్‌కి పట్టుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టండి. ఆయన విసుక్కున్నా సరే, అడగండి.