వినడం ఒక్కటే చాలదు
గతంలో జరిగిన అన్యాయాల నిజాలు వెలికితీసే సత్య శోధన కమిషన్లకు అసలు బలం బాధితుల మాటలను ఓపికగా వినడమేనని ఒక వ్యాసంలో రాశారు. ఇందులో సగమే ఒప్పుకోగలను. కెనడాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఉంచిన వసతి పాఠశాలలపై ఏర్పాటైన కమిషన్ 6,500 మందికి పైగా సాక్షుల మాటలు విన్నది. నిజమే, అది గొప్ప పని. కానీ ఆ పాఠశాలల్లో చనిపోయిన పిల్లల వివరాలు సేకరించడానికి 2009లో 15 లక్షల డాలర్లు అడిగితే ప్రభుత్వం ఇవ్వలేదు. ప్రభుత్వ దస్తావేజుల కోసం కమిషన్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2013లో తీర్పు వచ్చాకే దారి తెరుచుకుంది. గాయపడినవాళ్లు గుండె విప్పి చెబుతుంటే, గాయం చేసినవాళ్లు బీరువా తాళం చేతిలో పెట్టుకుని కూర్చోవడం ఏమి న్యాయం? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఆదివాసులకు జరిగిన అన్యాయాలపై 2021లో ఏర్పడిన యూరూక్ కమిషన్‌కు సాక్షులను రప్పించే, పత్రాలు తెప్పించే అధికారాలు ఇచ్చారు. 2024లో ఆ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జసింతా అలన్ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. వృద్ధులు తమ బాల్యంలోని నరకాన్ని పరాయివాళ్ల ముందు మళ్లీ తవ్వుకుని చెప్పడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లను అంత కష్టపెట్టే కమిషన్‌కు అధికారుల చేత కూడా నోరు విప్పించే శక్తి ఉండాలి. కెనడా కమిషన్ 2015లో ఇచ్చిన 94 సూచనల్లో చాలావాటికి ఈనాటికీ మోక్షం లేదు.