శబ్దం ఆపినా పదికి తొమ్మిది

మా పై అంతస్తులో ఉండే అయిదేళ్ల పాప ఈమధ్య స్పానిష్ నేర్చుకుంటోంది. నేర్పేది ఫోను. ఓ ఆదివారం పొద్దున వాళ్లమ్మ పాపను నా ఎదుట కూర్చోబెట్టి ఆడించింది. తెర మీద నాలుగు బొమ్మలు: యాపిల్, పాలగ్లాసు, పిల్లి, గొడుగు. ఫోను ‘మాన్సానా’ అనగానే పాప యాపిల్ మీద వేలు పెట్టింది. గంట మోగింది, తెర నిండా నక్షత్రాలు రాలాయి. తల్లి ముఖం చూడాలి అప్పుడు! నాకెందుకో అనుమానం వచ్చి, శబ్దం పూర్తిగా తగ్గించి ఇంకో పాఠం ఆడమన్నాను. పదికి తొమ్మిది వచ్చాయి. కాసేపు చూస్తే గుట్టు తెలిసింది. ఏమీ నొక్కకుండా ఊరుకుంటే సరైన బొమ్మ దానంతటదే కాస్త కదులుతుంది. పాప ఆ కదలిక కోసం కాచుకుని కూర్చుంటోంది. బల్ల మీదున్న అసలు యాపిల్ చూపించి దీన్ని స్పానిష్‌లో ఏమంటారని అడిగితే, ఫోను ఎక్కడుందా అని వెతుక్కుంది.

పాపను తప్పు పట్టడానికి లేదు. ఆట ఏది అడిగిందో అది చక్కగా నేర్చుకుంది.

ఇలాంటి ఇళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. జర్మనీలో చదువు, జపాన్‌లో ఉద్యోగం అన్నవి ఇంకా పదిహేనేళ్ల తర్వాతి సంగతులు. అయినా పునాది ఇప్పుడే పడిపోవాలన్న ఆత్రం. జర్మన్ నేర్పే గోథె జెంట్రమ్‌కో ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాంసేజ్‌కో పంపాలంటే ఫీజు కట్టాలి, ట్రాఫిక్ దాటాలి, అసలు పిల్లకు ఆ వయసు రావాలి. యాప్ అయితే సోఫాలోనే పని జరిగిపోతుంది. పైగా ఆ అరగంటా అమ్మ వంట చూసుకోవచ్చు, నాన్న ఆఫీసు కాల్ మాట్లాడుకోవచ్చు. నా పేచీ ఈ చివరి సౌకర్యంతోనే. పక్కన మనిషి లేకపోయినా పసివాళ్లకు పరాయి భాష అబ్బుతుందన్న నమ్మకాన్నే ఈ యాప్‌లు అమ్ముకుంటున్నాయి.

ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం తేల్చి రెండు దశాబ్దాలు దాటింది. 2003లో వెలువడిన ఆ ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ పాపాయిలకు చైనీయుల మాండరిన్ వినిపించారు. నాలుగు వారాల్లో 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. మాండరిన్ మాతృభాషగా గలవాళ్లు నేల మీద కూర్చుని పుస్తకాలు చదివారు, బొమ్మలతో ఆడించారు. ఆ తర్వాత పరీక్షిస్తే, ఇంగ్లిష్‌లో లేని ఓ ధ్వని భేదాన్ని ఈ పిల్లలు మాండరిన్ వింటూ పెరిగే తైవాన్ పిల్లలంత బాగా గుర్తుపట్టారు. మరో బృందానికి అదే మనుషులను, అదే పుస్తకాలను, అదే లెక్కన టీవీలో చూపించారు. వీళ్లు మాండరిన్ ముక్క కూడా వినని పిల్లల దగ్గరే ఆగిపోయారు. మాట అదే, గొంతు అదే. పాపాయి బంతి వైపు చూస్తే తానూ అటు చూసి బంతి గురించే మాట్లాడే మనిషి మాత్రం రెండో గదిలో లేదు.

బుజ్జిపిల్లల కోసం తీసిన వీడియోల కథ కూడా ఇలాగే ముగిసింది. ‘బేబీ ఐన్‌స్టీన్’ డీవీడీలు కొన్నవాళ్లకు డిస్నీ సంస్థ 2009లో డబ్బు వెనక్కి ఇస్తామనాల్సి వచ్చింది. మరుసటి ఏడాది పరిశోధకురాలు జూడీ డిలోచ్ బృందం ఇంకో ముచ్చటైన సంగతి బయటపెట్టింది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలు నెల రోజులు అలాంటి వీడియో చూసినా, చూడనివాళ్ల కన్నా ఎక్కువ మాటలు నేర్చుకోలేదు. అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నది, వీడియో లేకుండా అమ్మానాన్నలే ఆ మాటలు నేర్పిన పిల్లలు. ఇంకో విషయం: వీడియో బాగా నచ్చిన తల్లిదండ్రులే తమ బిడ్డకు చాలా వచ్చేసిందని నమ్మారు. పై అంతస్తు తల్లి ముఖం నాకు మళ్లీ గుర్తొచ్చింది.

డ్యుయోలింగో లాంటి పేరున్న యాప్‌ల తీరు వేరు. చదవడం వచ్చి, ఒక భాష ఆసరాతో ఇంకోటి పట్టుకోగలిగినవాళ్ల కోసం పుట్టినవి అవి. రోజూ తప్పకుండా రావాలని, వరసగా ఎన్ని రోజులు వచ్చారో లెక్క పెట్టి ఊరించడం పెద్దవాళ్ల బద్ధకానికి మంచి మందే. అయిదేళ్ల పిల్లకు మాత్రం ఆ లెక్కే అసలు పాఠమైపోతుంది. అలాగని ఫోనులో ఏదీ పనికిరాదని నేననను. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో తెచ్చి, తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మార్చిన యాప్‌లో పిల్లవాడు గట్టిగా కథ చదివితే దియా అనే బొమ్మ విని, తడబడిన మాటను పలికి చూపుతుంది. తెలుగులోనూ ఉంది. మాట ముందే వచ్చిన పిల్లవాడికి అక్షరం మీద పట్టు తేవడమే దాని పని. తన హద్దు తెలిసిన పనిముట్టు అది.

‘ఇప్పుడు నేర్పకపోతే తలుపు మూసుకుపోతుంది’ అన్న భయం సంగతేమిటి? అందులో సగం నిజం. కెనడాలో పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపించినట్టు, ఇంగ్లిష్ ఇళ్లలోని ఆరేడు నెలల పాపాయిలు హిందీలోని త, ట ధ్వనుల తేడా పట్టేస్తారు. ఏడాది నిండేసరికి ఆ చెవి పోతుంది. అంటే చెవి విషయంలో తొందర అవసరమే. అయితే ఆ వయసు వాళ్లకు ఫోను పనికిరాదు. రెండేళ్లలోపు పిల్లలకు తెరే వద్దని, అయిదేళ్లదాకా రోజుకు గంట మించకూడదని మన పిల్లల వైద్యుల సంఘమే చెబుతోంది. ఇక మాటలు, వ్యాకరణం సంగతికొస్తే, నెదర్లాండ్స్‌కు వలస వెళ్లిన ఇంగ్లిష్ కుటుంబాలను పరిశీలించి 1978లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నెలల్లో డచ్ వేగంగా పట్టుకున్నది 12 నుంచి 15 ఏళ్లవాళ్లూ పెద్దవాళ్లూ. అందరికన్నా వెనకబడింది మూడు నుంచి అయిదేళ్లవాళ్లు. పసివాళ్లు చివరికి మంచి యాస పట్టుకుంటారు గానీ, దానికి ఏళ్ల తరబడి ఆ భాష మాట్లాడే మనుషుల మధ్య ఉండాలి. రోజుకు పది నిమిషాల నక్షత్రాలు ఆ ఏళ్లకు సాటిరావు.

మరి తెరలోంచి భాష రానే రాదా? వస్తుంది, అవతల మనిషి ఉంటే. రెండు, రెండున్నరేళ్ల పిల్లలు కొత్త క్రియాపదాలను ఎదుటనున్న మనిషి నుంచి నేర్చుకున్నట్టే వీడియో కాల్‌లోనూ నేర్చుకున్నారని, ముందే తీసిపెట్టిన వీడియో నుంచి మాత్రం నేర్చుకోలేదని 2014లో రోజ్‌బెర్రీ, హెర్ష్-పసెక్, గోలింకాఫ్‌ల అధ్యయనం తేల్చింది. కాల్‌లోని మనిషి పిల్లవాడి మాటకు బదులిస్తుంది, తప్పు విని నవ్వుతుంది, ఆగుతుంది.

ఇలా జరిగే ఇల్లు నాకు బాగా తెలిసినది ఒకటుంది. మా అక్క తెనాలిలో, ఆమె మూడేళ్ల మనవడు డాలస్‌లో. వాడికి తెలుగే పరాయి భాష. అక్కడ రాత్రి భోజనాలవేళ ఫోను మోగుతుంది; ఇక్కడ పొద్దున్నే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అక్క దాన్ని చెంబుకు ఆనించి పెడుతుంది. వాడు ‘అదేమిటి’ అంటే చిక్కుడుకాయ అంటుంది. ‘చిక్కూకాయ’ అంటాడు. ఆమె ఒకటి తెర దగ్గరికి తెచ్చి, విరిచి, గింజ చూపించి మళ్లీ పలుకుతుంది. బావగారు పక్కనుంచి తొంగిచూస్తే వాడు ‘టాటా!’ అని అరుస్తాడు. ‘టాటా చెప్పడానికి ఇంకా టైముందిలేరా, తాత అను’ అంటాడాయన. వాడు ఆయన నోటివంకే కళ్లార్పకుండా చూసి, నాలుక పళ్లకు తాకించి, మళ్లీ ప్రయత్నిస్తాడు.